బొమ్మ మోడెమ్ డైరీ: పెట్టిన బగ్ దొరకలేదు, పెట్టనిది దొరికింది

మొదలుపెట్టక ముందు

ఫోన్‌లో రెండు కంప్యూటర్లు ఉంటాయంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. మనం వేలితో తాకేది ఒకటి, రెండోది మోడెమ్. దాని ప్రాసెసర్ వేరు, దాని ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. లోపల నడిచే కోడ్ ఎక్కువగా సి, సి++ లో రాసిందే, అందులో కొంత 2జీ కాలం నుంచి మోసుకొస్తున్నదే. టవర్ నుంచి వచ్చే ప్రతి మెసేజ్‌నీ ముందు అదే చదువుతుంది, మిగతా ఫోన్‌కి ఆ తర్వాతే తెలుస్తుంది, ఒక్కోసారి అసలు తెలియను కూడా తెలియదు.

నాకు ఈ పిచ్చి 2023 మార్చిలో పట్టింది. గూగుల్ ప్రాజెక్ట్ జీరో వాళ్లు (భద్రతా లోపాలు వెతికే బృందం) శాంసంగ్ ఎక్సినోస్ మోడెమ్‌లలో 18 లోపాలు బయటపెట్టారు. వాటిలో నాలుగింటికైతే ఎదుటివాడి ఫోన్ నంబర్ తెలిస్తే చాలు, అతను ఏమీ నొక్కక్కర్లేదు, ఇంటర్నెట్ మీంచే అతని మోడెమ్‌లో కోడ్ నడిపించొచ్చు. ప్యాచ్ వచ్చేదాకా వైఫై కాలింగ్, వోల్టీ (4జీ మీద కాల్స్) ఆపుకోండి అన్నారు. అది చదివాక బయటపడ్డ లోపాల పాత జాబితాలు తిరగేస్తుంటే సీవీఈ-2020-25279 అనే నంబర్ ఉన్నది కంటపడింది. అదీ ఎక్సినోస్ మోడెమ్‌దే: తేడాగా తయారుచేసిన సెటప్ మెసేజ్ ఒకటి వస్తే బఫర్ ఓవర్‌ఫ్లో, అంటే డేటా తనకి కేటాయించిన మెమరీ దాటి పక్కదాని మీదకి ఒలకడం. సెటప్ అంటే "నీకు కాల్ వస్తోంది" అని టవర్ ఫోన్‌కి చెప్పే మెసేజ్. అంటే ఫోన్ ఇంకా మోగలేదు, ఎత్తడం దాకా అసలు పోలేదు, ఈలోపే పని అయిపోవచ్చు. పైగా 2జీలో టవరే ఫోన్‌ని ఎవరివని అడుగుతుంది గానీ ఫోన్ టవర్‌ని అడగదు, కాబట్టి ఆ మెసేజ్ పంపేది అసలు టవరే అన్న నమ్మకం లేదు.

దీన్ని చేత్తో చూడాలనిపించింది. అసలు మోడెమ్ మీద చెయ్యాలంటే సెల్ ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ పంపాలి, లైసెన్స్ లేకుండా అది కుదరదు, కుదిరినా పక్కింటివాళ్ల ఫోన్ పొరపాటున నా దొంగ టవర్‌కి అతుక్కుంటే వాళ్ల ఎమర్జెన్సీ కాల్ గాల్లో కలిసిపోతుంది. నిజమైన మోడెమ్ ఫర్మ్‌వేర్‌ని ఎమ్యులేటర్‌లో (హార్డ్‌వేర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) నడిపించే ఫర్మ్‌వైర్ అనే ప్రాజెక్టు 2022 నుంచి ఉంది, కానీ అందులో దిగితే నేను చూసేది ఇంకొకరి కోడ్ తాలూకు అసెంబ్లీ. నాకు కావలసింది బగ్ పుట్టే క్షణం, రాసేవాడి కుర్చీలో కూర్చుని. అందుకని బొమ్మ మోడెమ్ ఒకటి నేనే రాసుకుందాం అనుకున్నాను. రేడియో లేదు, సిమ్ లేదు, సెటప్ మెసేజ్ చదివే కోడ్ మాత్రం ఉంటుంది, పాతకాలపు పద్ధతిలో సి లో. అందులో తెలిసి తెలిసి ఒక బగ్ పెడతాను, ఫజ్జర్‌తో (అడ్డదిడ్డమైన మెసేజ్‌లు లెక్కలేనన్ని పంపి కోడ్ ఎక్కడ పడుతుందో చూసే ప్రోగ్రామ్) పట్టిస్తాను, తర్వాత ఒక్కో రక్షణా తగిలించి ఏది దేన్ని ఆపుతుందో చూస్తాను. వారం రోజుల పని అనుకున్నాను. (నవ్వుకోండి.)

1వ రోజు

మొత్తం స్పెక్ చదవడమే. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వాళ్ల టీఎస్ 24.008. ఇది చదువుతుంటే నిద్ర రాకపోతే మీకు ఈ పని రాసిపెట్టి ఉన్నట్టే.

సెటప్ మెసేజ్ మొదటి రెండు బైట్లలో ఇది కాల్ కంట్రోల్‌కి చెందినది, ఏ కాల్‌ది, ఏ రకం అనేవి ఉంటాయి. తర్వాత వరసగా ముక్కలు. ప్రతి ముక్కకీ ముందు ఒక ట్యాగ్ బైట్, తర్వాత ఒక లెంగ్త్ బైట్, తర్వాత అసలు విలువ. బేరర్ కేపబిలిటీ అనే ముక్క (వాయిసా, డేటానా, ఎలాంటి కాల్ అని చెప్పేది) ట్యాగ్ 04, మొత్తం 16 బైట్లు దాటకూడదు, అంటే ట్యాగూ లెంగ్తూ పోను విలువకి 14. పిలుస్తున్నవాడి నంబర్ ట్యాగ్ హెక్స్‌లో 5సీ, మొత్తం 14 బైట్లు. నంబర్‌లో ఒక్కో బైట్‌లో రెండు అంకెలు తిరగేసి ఉంటాయి, 98 తో మొదలయ్యే నంబర్ 89 అని కనిపిస్తుంది.

కిటుకంతా లెంగ్త్ బైట్‌లో ఉంది. అది ఒక బైట్ కాబట్టి 0 నుంచి 255 దాకా ఏదైనా రావచ్చు. స్పెక్ మాత్రం 14 దాటదు అంటుంది. ఎవరికి చెబుతోంది అది? పంపేవాడికి. చదివేవాడు టేబుల్‌లో 14 అని చూసి 14 బైట్ల ఎర్రే కట్టుకుంటాడు, పంపేవాడు మర్యాదస్తుడని అనుకుంటాడు. ఆ టేబుల్ చదువుతూ కోడ్ రాస్తుంటే నాకూ సరిగ్గా అలాగే అనిపించింది, అదేదో చట్టంలా, దాన్ని ఎవరూ మీరలేరన్నట్టు.

కాల్ వివరాలు పెట్టుకోవడానికి ఒక స్ట్రక్చర్ రాశాను. మొదటి బైట్ కాల్ గుర్తు, తర్వాత 14 బైట్లు బేరర్, తర్వాత ఒక బైట్ కాల్ స్థితి, తర్వాత రింగ్ మొదలయ్యేటప్పుడు పిలవాల్సిన ఫంక్షన్ పాయింటర్ (ఆ కోడ్ మెమరీలో ఎక్కడుందో చెప్పే అడ్రస్), తర్వాత నంబర్ కోసం 21 అక్షరాలు (20 అంకెలు, చివర ఒక సున్నా), ఆఖర్న కాల్ ఎందుకు తెగిందో చెప్పే ఒక బైట్. ఈ వరస గుర్తుంచుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

నేను పెట్టిన బగ్: బేరర్ ముక్క రాగానే మెమ్‌కాపీతో స్ట్రక్చర్‌లోకి కాపీ చెయ్యడం, ఎన్ని బైట్లు అంటే మెసేజ్‌లో ఉన్న లెంగ్త్ ఎంతంటే అన్ని. మెసేజ్ చివర దాటి చదవకుండా చెక్ ఉంది, ఎర్రేలో 14 కంటే ఎక్కువ రాయకుండా చెక్ లేదు. నంబర్ చదివే ఫంక్షన్ మాత్రం చాలా శ్రద్ధగా రాశాను, ఎందుకంటే బగ్ ఒక్కటే ఉండాలి కదా, లేకపోతే కొలతలు కలగాపులగం అవుతాయి.

2వ రోజు

లిబ్‌ఫజ్జర్ అనే ఫజ్జర్ తగిలించాను, కోడ్ మెమరీ హద్దు దాటితే పట్టుకునే అడ్రస్ శానిటైజర్ ఆన్ చేశాను, మంచి సెటప్ మెసేజ్‌లు నాలుగు నమూనాగా ఇచ్చాను. మెసేజ్ గరిష్ఠ పొడవు 40 బైట్లు అని పెట్టాను, చిన్నగా ఉంటే వేగంగా తిరుగుతుందని. అంతే, ఇవాళ్టికి ఇంతే.

3వ రోజు

రన్ చేసి నీళ్లు తాగి వచ్చేసరికి క్రాష్. భలే అనుకున్నాను. రిపోర్ట్ తెరిస్తే బేరర్ కాదు, నంబర్ చదివే ఫంక్షన్! శ్రద్ధగా రాశానే, అదే. మెసేజ్ చివర దాటి ఒక్క బైట్ చదివింది అని రిపోర్ట్.

నంబర్ ముక్క విలువలో మొదటి బైట్ నంబర్ రకం చెబుతుంది. ఆ బైట్ పై బిట్ 1 అయితే తర్వాతి నుంచి అంకెలు. 0 అయితే మధ్యలో ఇంకో బైట్ ఉంటుంది, నంబర్ చూపించొచ్చా దాచాలా అని చెప్పేది, ఆ తర్వాత అంకెలు. ఫజ్జర్ లెంగ్త్ 1 అని పెట్టి, ఆ ఒక్క బైట్‌లో పై బిట్ 0 చేసింది. అంటే "ఇంకో బైట్ ఉంది" అంటుంది, లెంగ్త్ చూస్తే లేదు. మనిషి ఎవడూ అలాంటి మెసేజ్ రాయడు. నా కోడ్ ఆ లేని బైట్‌ని చదవబోయింది.

ఒక్క బైట్ ఎక్కువ చదివితే ఏమవుతుందిలే అనుకుని, మెసేజ్‌లో ఇంకో బైట్ మిగిలి ఉందా అని ఒక చెక్ రాసేసి పడుకున్నాను. పొద్దున చూస్తే మళ్లీ అదే ఫంక్షన్‌లో క్రాష్. ఈసారి చదివేటప్పుడు కాదు, రాసేటప్పుడు.

4వ రోజు

అసలు సంగతి ఇది. అంకెల బైట్లు ఎన్ని అని లెక్కేసే లైన్‌లో లెంగ్త్ లోంచి 2 తీసేశాను, రకం బైట్ ఒకటి, మధ్య బైట్ ఒకటి పోను. లెంగ్త్ 1 అయితే మైనస్ 1. దాన్ని నేను దాచింది మైనస్ గుర్తు పట్టని (అన్‌సైన్డ్) ఒక బైట్ వేరియబుల్‌లో, అంటే అది 255. లూప్ 255 సార్లు తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా రెండు అంకెలు రాస్తుంది, 21 అక్షరాల ఎర్రేలోకి 510. నిన్న నేను వేసిన చెక్ మెసేజ్‌లో బైట్ ఉందా అని చూసింది గానీ ఈ ముక్కలో ఉందా అని చూడలేదు. ఫజ్జర్ వెనకాల ఇంకో ముక్క తగిలించి ఆ చెక్ దాటేసింది, నా కోడ్ ఆ ముక్క ట్యాగ్‌నే మధ్య బైట్ అనుకుని చదివేసి ముందుకెళ్లిపోయింది.

ఒక గంటసేపు ఆ లైన్ వంకే చూస్తూ కూర్చున్నాను. బగ్గులు పెట్టే పనిలో ఉన్నవాణ్ని, ఎక్కడ బగ్ వస్తుందో తెలిసి రాసినవాణ్ని, స్పెక్ పక్కన తెరిచి పెట్టుకున్నవాణ్ని, నేనే ఇది రాశాను. ఇక డెడ్‌లైన్ మెడ మీద కూర్చుని, ఇలాంటి ముక్కలు వందల్లో చదవాల్సిన మనిషి సంగతేంటి?

దిద్దాను, తీసే ముందు లెంగ్త్ కనీసం 2 ఉందా అని చూడటమే. లేకపోతే ఆ ముక్క రానట్టే అనుకుంటుంది. ఇది నా సొంత తెలివి కాదు, స్పెక్ 8వ భాగం అదే చెబుతుంది: తప్పనిసరి కాని ముక్క రూపం సరిగ్గా లేకపోతే అది మెసేజ్‌లో లేనట్టే చూడాలి. ఏం చెయ్యాలో రాసి ఉంది, నేనే అక్కడిదాకా చదవలేదు.

7వ రోజు

మూడు రాత్రుల నుంచి ఫజ్జర్ తిరుగుతూనే ఉంది. నేను పెట్టిన బగ్ మాత్రం దొరకలేదు. నంబర్‌ది నిమిషాల్లో పట్టుకున్నది, కళ్లెదుట మెమ్‌కాపీ ఉంటే దాటిపోతోంది. కంపైలర్ ఏమైనా ఆ లైన్ ఎగరగొట్టిందేమో అని అసెంబ్లీ కూడా చూశాను, శుభ్రంగా ఉంది.

మా ఆఫీసులో ఎంబెడెడ్ పనిచేసే పెద్దాయన ఒకాయనకి లంచ్ టైమ్‌లో కోడ్ చూపించాను. రెండు నిమిషాలు చూసి, "బాబూ, నీ స్ట్రక్చర్ ఎన్ని బైట్లు?" అన్నారు.

"48 సార్."

"మెసేజ్ ఎంత?"

"40 దాటదు."

"మరి బయటికి ఎలా పడుతుంది? గదిలో గదే కదా తడుస్తోంది. పైగా నీ ఫజ్జర్ కాల్ మోగనివ్వట్లేదు, నంబర్ చూసి పెట్టేస్తోంది."

అంతే, బల్బు వెలిగింది. అడ్రస్ శానిటైజర్ కాపలా కాసేది మాలాక్ (మెమరీ అడిగి తెచ్చే ఫంక్షన్) ఇచ్చిన మొత్తం ముక్కకి చుట్టూ. ఆ ముక్క లోపల ఒక గడి నుంచి పక్క గడిలోకి ఒలికితే దానికి పట్టదు. నా బేరర్ ఎర్రే స్ట్రక్చర్ లోపల 1వ ఆఫ్‌సెట్ దగ్గర మొదలవుతుంది, 48 బైట్లు కాపీ అయితేగానీ బయట గడప తొక్కదు. హెడర్లతో కలిపి అంత మెసేజ్‌కి 52 బైట్లు కావాలి, నేనేమో 40 దగ్గర కత్తిరించాను. లోపల మాత్రం స్థితి, పాయింటర్, నంబర్ అన్నీ నుజ్జవుతున్నాయి, కానీ ఫజ్జర్ మెసేజ్ చదివించి వదిలేస్తుంది, ఆ పాయింటర్‌ని ఎవరూ పిలవరు, ఆ స్థితిని ఎవరూ చూడరు. అన్నీ నిశ్శబ్దంగా పాడవుతున్నాయి, నేను "క్రాష్‌లు సున్నా" అని చూసి కోడ్ బాగుందనుకుంటున్నాను.

జీఎస్ఎంలో ఈ రకం మెసేజ్ 251 బైట్ల దాకా రావచ్చు. గరిష్ఠం 251 చేసి మళ్లీ వదిలాను. చేతిలో ఫోన్ పక్కన పెట్టేలోపు దొరికింది.

9, 10 రోజులు

ఇప్పుడు శానిటైజర్లు అన్నీ తీసేసి, మోడెమ్‌లో ఉండేలాంటి కోర్ మీద చూడాలి. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో ఆర్మ్ వాళ్ల కార్టెక్స్-ఆర్52 కోర్ ఉన్న బోర్డు మోడల్ ఒకటి ఉంది. మోడెమ్ కోర్లన్నీ ఒకటే జాతి కాదు, క్వాల్‌కామ్ వాళ్లది సొంత హెక్సాగన్, పాత ఎక్సినోస్ మోడెమ్‌లు చాలావరకు ఆర్మ్ ఆర్ కుటుంబంవి. ఈ ఆర్ కుటుంబంలో మామూలుగా ఎంఎంయూ ఉండదు, ఎంపీయూ ఉంటుంది, అంటే ఫలానా ప్రాంతం చదవొచ్చు, ఫలానా ప్రాంతంలో కోడ్ నడవకూడదు లాంటి హద్దులు గీసుకోవచ్చు, కానీ ఆండ్రాయిడ్ యాప్‌లలా ఒక్కోదానికీ విడి అడ్రస్ ప్రపంచం ఉండదు.

బోర్డు బూట్ చేయించడానికి ఒక రోజు పోయింది, లింకర్ స్క్రిప్ట్‌తో కుస్తీ, దాని గురించి రాయను, ఎవరికీ సరదా కాదు.

ఇక్కడ పాయింటర్ 4 బైట్లు, కాబట్టి లెక్క చేత్తో వేసుకోవచ్చు. బేరర్ 1 నుంచి 14, స్థితి 15 దగ్గర, పాయింటర్ 16 నుంచి 19. అంటే లెంగ్త్ 19 అని పెట్టి పంపితే పాయింటర్ మొత్తం నా చేతిలోకి వస్తుంది. స్థితి మీద పడే 15వ బైట్ మాత్రం 6 గానే ఉంచి, మిగతా విలువంతా హెక్స్ 55 తో నింపి పంపాను. కాల్ మోగే టైమ్‌కి కోర్ ఆగిపోయింది, ప్రోగ్రామ్ కౌంటర్ 55555554. చివరి అంకె 5 కాకుండా 4 ఎందుకంటే ఆర్మ్‌లో బేసి అడ్రస్‌కి దూకితే థంబ్ మోడ్ అని అర్థం, ఆ ఒక్క బిట్ తీసేసి దూకుతుంది. ఇది చాలామంది చూసిన దృశ్యమే, అయినా సొంత కోడ్‌లో చూస్తే కడుపులో ఎలాగో ఉంటుంది.

అసలు భయపెట్టింది మాత్రం దీనికంటే చిన్నది. లెంగ్త్ 15. ఒక్క బైట్ ఎక్కువ. ఆ ఒక్కటీ వెళ్లి పడేది కాల్ స్థితి మీద. స్పెక్‌లో స్థితులకి నంబర్లు ఉన్నాయి, నేనూ అవే వాడాను: సెటప్ రాగానే 6, అంటే కాల్ వచ్చింది, ఇంకా ఎత్తలేదు. ఎత్తాక 10, కాల్ నడుస్తోంది. నా కోడ్ ముందు 6 రాసి తర్వాత ముక్కలు చదువుతుంది, అందుకని ఆ 15వ బైట్‌లో 10 పెట్టి పంపాను. బొమ్మ మోడెమ్ లాగ్‌లో వచ్చింది చూడండి: సెటప్ వచ్చింది, తర్వాతి లైన్ ఆడియో తెరిచాను. మధ్యలో ఉండాల్సిన "రింగ్ ఇస్తున్నాను" లేదు. ఎందుకంటే రింగ్ ఇచ్చే కోడ్ స్థితి 6 అయితేనే నడుస్తుంది, ఆడియో తెరిచే కోడ్ స్థితి 10 అయితే నడుస్తుంది, రెండూ తమ పని తాము సరిగ్గానే చేశాయి. క్రాష్ లేదు, తప్పుడు అడ్రస్ లేదు, ఏ కాపలాదారుడూ కేక వెయ్యడు. ఫోన్ మోగకుండానే ఎత్తినట్టయింది.

ఇది బొమ్మ కాబట్టి మైక్ లేదు, సరే. 2015 నవంబర్‌లో టోక్యోలో జరిగిన మొబైల్ పోన్‌టుఓన్ అనే హ్యాకింగ్ పోటీలో నికో గోల్డే, డేనియల్ కొమరోమీ అనే ఇద్దరు దొంగ టవర్‌తో గెలాక్సీ ఎస్6 ఎడ్జ్ మోడెమ్‌ని లొంగదీసుకుని, ఆ ఫోన్ నుంచి వెళ్లే కాల్స్ తమ దారిన పోయేలా చేసి చూపించారు. ఆండ్రాయిడ్ వైపు దేన్నీ ముట్టుకోనక్కర్లేదు, గొంతు పోయే దారే మోడెమ్‌లోంచి కదా.

13వ రోజు

రక్షణలు ఒక్కోటీ. పిక్సెల్ 9 మోడెమ్‌లో ఏమేం పెట్టారో గూగుల్ వాళ్లు 2024 అక్టోబర్‌లో చెప్పారు: బౌండ్స్ శానిటైజర్, ఇంటీజర్ ఓవర్‌ఫ్లో శానిటైజర్, స్టాక్ కెనరీలు (ఫంక్షన్ల తాత్కాలిక మెమరీ అయిన స్టాక్ మీద ఏదైనా ఒలికితే పట్టించే గుర్తులు), సీఎఫ్ఐ (కోడ్ తప్పుడు చోటికి దూకకుండా చూసేది), స్టాక్ వేరియబుల్స్‌ని వాటంతటవే శుభ్రం చెయ్యడం. నా బొమ్మకి వీటిల్లో నాలుగు క్లాంగ్ కంపైలర్‌లో తగిలించి, నా రెండు బగ్గులూ (నంబర్‌ది దిద్దింది మళ్లీ చెడగొట్టి) వదిలాను.

స్టాక్ కెనరీ ఏమీ చెయ్యలేదు. చెయ్యదు కూడా, నా స్ట్రక్చర్ స్టాక్ మీద లేదు.

బౌండ్స్ శానిటైజర్ నంబర్ లూప్‌ని 21వ గడి దాటగానే పట్టేసింది, ఎందుకంటే అక్కడ నేను ఎర్రేలో ఇన్నో గడి అని రాస్తున్నాను, ఎర్రే సైజు కంపైలర్‌కి తెలుసు. మెమ్‌కాపీని వదిలేసింది. దానికి కనిపించేది ఎర్రేలో గడి నంబర్ వేసిన చోట్లు, మెమ్‌కాపీ దాని దృష్టిలో ఒక ఫంక్షన్ కాల్, అంతే.

ఇంటీజర్‌ది ఇంకా తమాషా. మైనస్ 1 కాస్తా 255 అయింది కదా, కచ్చితంగా పట్టుకుంటుంది అని పందెం కాసేవాణ్ని. పట్టుకోలేదు. సి లో ఒక బైట్ విలువని ముందు మామూలు ఇంట్‌గా పెంచి తర్వాత తీసివేత చేస్తారు, 1 లోంచి 2 తీస్తే ఇంట్‌లో మైనస్ 1, అది పూర్తిగా సక్రమమైన లెక్క, ఓవర్‌ఫ్లో ఏమీ లేదు. చెడేది ఆ తర్వాత దాన్ని ఒక బైట్ వేరియబుల్‌లో కుక్కేటప్పుడు. అది ఓవర్‌ఫ్లో కిందకి రాదు, ట్రంకేషన్ కిందకి వస్తుంది, దానికి వేరే ఫ్లాగ్. అది వేశాక పట్టుకుంది, దాంతోపాటు నేను కావాలని చేసిన చోట్లు కూడా బోలెడు పట్టుకుని గోల చేసింది, చెక్‌సమ్ లెక్కల్లాంటివి. ఒక సాయంత్రం అంతా వాటికి మినహాయింపులు రాస్తూ గడిపాను. నిజమైన మోడెమ్ కోడ్ ఎన్ని లక్షల లైన్లో తలుచుకుంటే, ఆ ఫ్లాగ్ ఎవరూ తేలిగ్గా ఎందుకు వేసుకోరో అర్థమైంది.

సీఎఫ్ఐ లెంగ్త్ 19 దాడిని ఆపింది, పాయింటర్ పిలవబోయే ముందు ఇది సరైన ఫంక్షనేనా అని చూసి ట్రాప్ కొట్టింది. లెంగ్త్ 15ని దేన్నీ అడగకుండా వదిలేసింది.

సాయంత్రానికి నా పట్టిక చూస్తే, ఆ ఒక్క బైట్ దాడి అన్నిటినీ తప్పించుకుంది. చివరికి దాన్ని ఆపింది ఏ ఫ్లాగూ కాదు, నేను చేత్తో రాసిన చిన్న ఫంక్షన్: గమ్యం సైజు కూడా అడిగి, చాలకపోతే కాపీ చెయ్యని మెమ్‌కాపీ. 1990ల సలహా. ఆ ఫంక్షన్ ప్రతిచోటా వాడాలని మనిషికి గుర్తుండాలి, అదే తలనొప్పి.

17వ రోజు

రస్ట్, మెమరీ హద్దులు తనే చూసుకునే భాష. మోడెమ్ మొత్తాన్ని కాదు, మెసేజ్ విడదీసే భాగం ఒక్కటే, స్టాండర్డ్ లైబ్రరీ లేకుండా. మిగతాది సి లోనే ఉంది, నిజంగా ఎవరైనా చేసినా ఇలాగే ముక్కముక్కగా చేస్తారు.

బేరర్ ముక్క రాసేటప్పుడే తేడా తెలిసింది. 14 గడుల ఎర్రేలోకి స్లైస్‌ని (మెసేజ్‌లోని కొన్ని బైట్ల వరసని) కాపీ చెయ్యబోతే రెండిటి పొడవు సమానం కాకపోతే పానిక్ అవుతుంది, అంటే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది, కాబట్టి పొడవు తక్కువైతే ఏం చెయ్యాలి, ఎక్కువైతే ఏం చెయ్యాలి అని నేను కూర్చుని నిర్ణయించక తప్పలేదు. సి లో ఆ ప్రశ్నే రాలేదు నాకు.

పరీక్ష కోసం నంబర్ తీసివేత బగ్‌ని అలాగే తెచ్చి పెట్టాను. డీబగ్ బిల్డ్‌లో పానిక్. రిలీజ్ బిల్డ్‌లో, ఓవర్‌ఫ్లో చెక్‌లు విడిగా ఆన్ చెయ్యకపోతే, ఇక్కడా 255 అవుతుంది! కానీ ఆ తర్వాత 255 బైట్ల స్లైస్ ఇవ్వమని గెట్ అనే ఫంక్షన్‌ని అడిగితే "లేదు" అని వస్తుంది, ఆ ముక్కని వదిలేస్తుంది. లెక్క తప్పే, మెమరీ మాత్రం చెక్కుచెదరలేదు.

పానిక్ గురించి ఒక మాట. మోడెమ్‌లో పానిక్ అంటే రీస్టార్ట్, సిగ్నల్ గీతలు పోయి కాసేపటికి తిరిగి వస్తాయి. 2023 డిసెంబర్‌లో సింగపూర్ పరిశోధకులు 5ఘూల్ పేరుతో క్వాల్‌కామ్, మీడియాటెక్ 5జీ మోడెమ్‌లలో బయటపెట్టినవి చాలావరకు ఇలా పడేసేవో, వేలాడేసేవో. కోడ్ నడిపించలేకపోయినా ఎవడో దూరాన్నుంచి పదే పదే పడేస్తుంటే ఆ ఫోన్ ఉన్నా లేనట్టే. అందుకని నా పార్సర్‌లో పానిక్ అయ్యే అవకాశం ఉన్న ప్రతి చోటూ వెతికి తీసేసి, గెట్, చెక్డ్ తీసివేత పెట్టాను, స్పెక్ చెప్పినట్టు ఆ ముక్క లేనట్టే.

18వ రోజు

నిన్నంతా గర్వంగా ఉన్నాను కదా, ఇవాళ దెబ్బ పడింది. రస్ట్ పార్సర్ ఒక మామూలు మెసేజ్‌లో నంబర్ ముక్క ఉందంటోంది, ఆ మెసేజ్‌లో నంబరే లేదు. నంబర్ చూస్తే అంతకుముందు మెసేజ్‌ది.

తప్పు సరిహద్దులో ఉంది. సి వైపు నుంచి పాయింటరూ పొడవూ ఇస్తున్నాను, రస్ట్ వైపు అన్‌సేఫ్ బ్లాక్‌లో (రస్ట్ తను చెక్ చెయ్యకుండా మన మాట నమ్మే చోటు) వాటితో స్లైస్ తయారుచేస్తున్నాను. పొడవు దగ్గర వచ్చిన బైట్ల సంఖ్య ఇవ్వాల్సింది, బఫర్ మొత్తం సైజు 251 ఇచ్చాను. బఫర్‌లో పాత మెసేజ్ తోక మిగిలే ఉంది, పార్సర్ దాన్ని కూడా ముక్కలే అనుకుని వరసగా చదువుకుంటూ పోయింది. హద్దు దాటలేదు, ఎందుకంటే హద్దు అదేనని నేనే చెప్పాను. రస్ట్‌కి నేను అబద్ధం చెప్పాను, అది నమ్మింది. ఇప్పుడు ఆ అన్‌సేఫ్ మొత్తం ఒకే ఫంక్షన్‌లో ఉంది, పైన మూడు లైన్ల కామెంట్ ఉంది, కాపీ అయ్యాక మిగతా బఫర్‌ని సున్నాలతో తుడిచేస్తున్నాను కూడా.

ఫోన్‌లో సెట్టింగ్ చూసుకున్నానా అని మధ్యలో ఒకరు అడిగారు. చూసుకున్నాను. ఆండ్రాయిడ్ 12 నుంచి మోడెమ్ సహకరించే ఫోన్లలో 2జీ ఆపుకునే స్విచ్ ఉంది, నాది మొదటి వారంలోనే ఆపేశాను.

21వ రోజు

ఇప్పటి స్థితి: రస్ట్ పార్సర్ మీద ఫజ్జర్ నాలుగు రాత్రులుగా తిరుగుతోంది, గరిష్ఠం 251, ఈసారి హార్నెస్ (ఫజ్జర్‌ని నా కోడ్‌కి కలిపే ముక్క) కాల్‌ని రింగ్ దాకా, ఎత్తడం దాకా, పెట్టేయడం దాకా నడిపిస్తుంది, ప్రతి అడుగులోనూ స్థితి సరైన వరసలోనే మారిందా అని చూస్తుంది. క్రాష్‌లు లేవు. ఆ మాట ఇదివరకు ఒకసారి అనుకుని ఏమయిందో చూశాను కాబట్టి గొంతు పెంచను.

తర్వాతి పని ముక్కలైన మెసేజ్‌ని తిరిగి అతికించే పొర. అక్కడ ఒక లెంగ్త్ కాదు, చాలా లెంగ్త్‌లు కూడాలి, అవి కూడుతూ పోతే బఫర్ ఎక్కడ నిండుతుందో అన్నది అసలు గమ్మత్తు. సి లో రాశాను, ఒట్టు, ఏ బగ్గూ పెట్టలేదు.

బగ్ నేను పెట్టకూడదని నిర్ణయించుకున్నాను, ఎక్కడుందో తెలిసినవాడు వెతికితే అది వెతకడం కాదు. లంచ్‌లో ఆ పెద్దాయనకే ఫైల్ ఇచ్చి, "సార్, మీ ఇష్టం వచ్చిన చోట ఒకటి పెట్టండి, ఎక్కడో మాత్రం చెప్పొద్దు" అన్నాను. నిన్న రాత్రి ఫైల్ తిరిగి పంపారు. కింద ఒక లైన్: "పెట్టడానికి చోటు వెతుకుతుంటే ఒకటి ముందే ఉంది బాబూ. నాది కలిపితే రెండు."